మైమఱపు మూలికలు: మనవారి పూర్వానుభవము



నిరుడు కార్తిక మాసములో మా తమ్ముని మనుమడు అమెరికానుండి నాకొక జాబు వ్రాసెను. కాగితముపై వ్రాసినది కాదు, టెలిఫోనులో వచ్చు జాబే. అయినను వాడు దానిని తెలుగులోనే, తప్పులతోనైనను, ఓపికగా వ్రాసెను. వానికి ఇరువదియాఱేండ్లు. కాలిఫోర్నియాలో కంప్యూటరు కొలువు. రెండేండ్లుగా మనసు క్రుంగి, నిద్రపట్టక, వైద్యుడిచ్చిన మాత్ర పుచ్చుకొనుచున్నాడట. ఆ సంగతి ఆ జాబు చూచువఱకు నాకు తెలియదు. వాని స్నేహితులు కొందఱు ఊరి వెలుపల నొక యింటిలో రాత్రివేళ జరుగు మూలికాక్రతువునకు పోయి వచ్చిరట. దక్షిణ అమెరికా అడవులలో పెరుగు తీగె నొకదానిని కాచి ఆ కషాయమును త్రాగింతురట. త్రాగినవారికి నాలుగైదు గంటలసేపు కన్నులు మూసినను తెఱచినను దృశ్యములు కానవచ్చునట. వాంతులగునట. తెల్లవాఱునప్పటికి మనసులోని బరువు దిగునట. "పెద్దతాతా, నీవు చరిత్ర చెప్పిన పంతులువు గదా. ఈ మందు తరతరములనుండి ఉన్నదని వీరనుచున్నారు. నాకిది క్షేమమా కాదా, నీ మాట చెప్పుము" అని వ్రాసెను.

ఆ జాబుతో బాటు, క్రతువు జరిపించువారు వానిచే నింపించుకొను ప్రశ్నపత్రము నకలు కూడ వచ్చెను. అందులో ఒక ప్రశ్నయొద్ద, దాని కెదురుగా వాడు వ్రాసిన ఒక్క మాటయొద్ద, నా చూపు నిలిచిపోయెను. దాని సంగతి తరువాత చెప్పెదను.

వలదను నొక్క మాట వ్రాసి పంపుట సులభము. కాని యేల వలదో చెప్పలేని పెద్దల మాటను ఈనాటి పిల్లలు వినరు. వినకపోవుట తప్పని నేననను. జీవితమంతయు బడిలో పాఠము చెప్పినవాడను, కారణము చెప్పుటయే నా వృత్తి. అందుచే మైమఱపు కలిగించు ద్రవ్యములతో మన ప్రాంతమువారు పడిన పాట్లను, నేర్చుకొన్న జాగ్రత్తలను ఒకమాఱు నెమరువేసికొంటిని. వానినే మీకు విన్నవించుచున్నాను.

కొత్తకోట చుట్టుపట్ల ఉమ్మెత్త నెఱుగనివారుండరు. పెంటదిబ్బలపైనను, పాడుగోడల మూలలను, బాటల ప్రక్కలను అది తనంత తానే మొలచును. బాకావంటి తెల్లని పూవు, ముండ్లకాయ. సంస్కృతమున దీనికి ఉన్మత్తమని పేరు. మన ఉమ్మెత్త ఆ మాటనుండి పుట్టినదే. పేరులోనే పిచ్చి యున్నది. శివరాత్రినాడు దీని పూలు శివుని తలపై నుంచుదుము. దేవునికి పెట్టినదానిని ప్రసాదముగా నోట వేసికొనుట మన వాడుక. మా గుడిలో ఉమ్మెత్తపూవును మాత్రము ఎవరును నోట వేసికొనగా నేను చూడలేదు. విషము మ్రింగిన దేవునికి విషపుపూవు తగును గాని మనకు తగదని మా నాయనమ్మ చెప్పెడిది.

1956 ప్రాంతమున, నాకు పదియేండ్లప్పుడు, మా వీధిలో మగ్గము నేయు పెద్దమనిషి యొకడుండెను. ఆయనకు ఉబ్బసము. శ్రీశైలమునకు నడచిపోవు బైరాగి యొకడు ఉమ్మెత్తగింజల పొడి యిచ్చి, కషాయము పెట్టి త్రాగుమని చెప్పిపోయెను. ఉబ్బసమునకు ఉమ్మెత్త మందగుట అబద్ధము కాదు. ఎండిన ఉమ్మెత్తను కాల్చి పొగ పీల్చినచో ఊపిరిగొట్టములు సడలునని మనవారెఱుగుదురు. మద్రాసులో కుంపిణీ వైద్యాధిపతిగా నుండిన జేమ్సు ఆండర్సను ఈ వాడుకను జనరలు జెంటునకు తెలుపగా, ఆయన 1802లో దీనిని ఇంగ్లండునకు కొనిపోయెను. పిమ్మట నూఱేండ్లకు పైగా ఐరోపాలోని ఉబ్బసపురోగులు ఉమ్మెత్త చుట్టలు కాల్చిరి. కావున బైరాగి చెప్పిన మందు నిజమే. మోతాదు వానికి తెలియదు, అంతే.

త్రాగిన కొంతసేపటికే ఆయన నోరు పిడచకట్టెను. ముఖము కెంపెక్కెను. ఒడలు కాలుచుండెను గాని చెమట లేదు. కనుపాపలు పెద్దవై వెలుతురునకు తాళలేకపోయెను. తరువాత లేని మనుష్యులతో మాటలాడ మొదలిడెను. రెండు చేతులతో గాలిలోనుండి పోగులు లాగి, వ్రేళ్లనడుమ నలిపి, లేని కండెకు చుట్టుచుండెను. "పాపము, పుట్టినది మొదలు నేసిన చేతులు, మతి పోయినను మగ్గమును మఱవలేదు" అని అమ్మలక్కలు కన్నీరు పెట్టుకొనిరి. నేనును చాలకాలమట్లే అనుకొంటిని. పెద్దవాడనైన పిమ్మట, 1920లో మొదట అచ్చయిన మోదీగారి న్యాయవైద్యగ్రంథము నా చేతికి వచ్చెను. ఉమ్మెత్త తిన్నవాడు వ్రేళ్లకొనలనుండి లేని దారములు లాగుచుండునని అందులో వ్రాసియున్నది! అతడు నేతగాడైనను, కాపువాడైనను, బడిపంతులైనను ఒక్కటేనట. మేము మనిషి గుణమనుకొన్నది మూలిక గుణము.

మూడవనాటికి ఆయన తేఱెను. ఏమి చూచితివని అడుగగా, తనకేమియు జ్ఞాపకము లేదనెను. బ్రతుకుట ఆయన యదృష్టము. ఉమ్మెత్తలో అట్రోపిను, స్కోపొలమిను అను విషపదార్థములున్నవి. ఒక చెట్టులోనున్న బలము ప్రక్కచెట్టులో నుండదు. నేలనుబట్టి, ఋతువునుబట్టి, కాయ ముదురునుబట్టి మాఱును. నిన్న ఒకనికి సరిపోయిన గింజల లెక్క నేడు వేఱొకనికి చావు కావచ్చును. ఈ గుణమును దొంగలు కూడ కనిపెట్టిరి. బాటసారులకు పిండిలోను మిఠాయిలోను ఈ గింజల నూఱి కలిపి, స్మృతి తప్పిన పిమ్మట దోచుకొనుట పందొమ్మిదవ శతాబ్దిలో ఎంత సాధారణమో, నార్మను చెవర్సు 1856లో కలకత్తానుండి ప్రకటించిన న్యాయవైద్యగ్రంథమును చూచినవారికి తెలియును. చూచుటకు ఈ గింజ మిరపగింజవలెనే యుండును. మిరప పండించు మన రైతే పోల్చలేడు. రెంటిని నిలువున కోసి, లోని మొలక ఎటు వంగియున్నదో చూచి వైద్యులు తేల్చుదురు.

ఇంత యపాయకరమైనదానిని మన వైద్యము విసర్జించలేదు. ఆయుర్వేదము ఉమ్మెత్తను ఉపవిషములలో చేర్చి, గింజలను గుడ్డలో మూటకట్టి ఆవుపాలలో వ్రేలాడదీసి యుడికించి శోధించినగాని వాడరాదని విధించెను. కనకాసవమను నుబ్బసపు మందులో నేటికిని ఇది చేరుచున్నది. కనకమనగా బంగారమే గాక ఉమ్మెత్త కూడ.

క్రతువని మా మనుమడు వ్రాసిన మాట నాకు సోమయాగమును జ్ఞప్తికి తెచ్చెను. త్రాగు ద్రవ్యమును నడుమ నుంచుకొని నడచిన క్రతువులలో అంత విస్తారమైనది మఱియొకటి లేదు. ఋగ్వేదమున తొమ్మిదవ మండలమంతయు సోమమునకే చెందినది. యజమానుడు ముందుగా దీక్ష వహించి ఆహారనియమములతో నుండవలెను. అగ్నిష్టోమమునకు పదునాఱుగురు ఋత్విజులు. ఎప్పుడు పిండవలెనో, ఏ పాత్రలో పోయవలెనో, ఎవరి తరువాత ఎవరు త్రాగవలెనో, అన్నియు నిర్ణయములే. ఆ మొదటి సోమమేదో నేటికిని పండితులు తేల్చలేదు. 1968లో గోర్డను వాసను అది ఎఱ్ఱని పుట్టగొడుగని వాదించెను. ఎఫిడ్రా యను పొద అని మఱికొందఱి మతము. అది దొరకనప్పుడు పూతికము మొదలగువానిని వాడుమని బ్రాహ్మణగ్రంథములే సెలవిచ్చినవి. దక్షిణదేశపు సోమయాజులు వాడుచు వచ్చినది ఆకులులేని పాలతీగె. దానిలో మత్తు లేదు. అనగా మనవారు మొక్క పోయినను క్రతువును నిలుపుకొనిరి. కాలిఫోర్నియాలోని యీ యింటివారు మొక్కను మాత్రము మోసికొనివచ్చి, దాని నెఱిగిన ఊరిని, భాషను, వైద్యుని అడవిలోనే విడిచివచ్చినట్లు నాకు తోచెను. నా యభిప్రాయము తప్పు కావచ్చును. నేనా యింటిని చూడలేదు.

పాత్ర పేరును నమ్మరాదని మాత్రము మన పాలమూరువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. కల్లనుకొని త్రాగినది కల్లు కాకపోవుట మనము కండ్లార చూచినదే. చెట్లు తక్కువై త్రాగువారెక్కువైనప్పుడు, నీళ్లలో క్లోరలు హైడ్రేటు, డయజిపాము మొదలగు మందులు కలిపి కల్లని అమ్మిరి. కూలి చేసి సాయంకాలము రెండు సీసాలు త్రాగిన మనిషికి తాను నిద్రమందునకు బానిసయైన సంగతి తెలియదు. 2015లో ప్రభుత్వము కల్తీకల్లుపై గట్టిగా నడచినప్పుడు గదా అది బయటపడినది! కల్లు ఆగిన రెండుమూడు దినములకే చేతులు వడకి, మూర్ఛలు వచ్చి, కలవరింతలతో ఆసుపత్రులకు చేరిరి. వారు పోగొట్టుకొన్నది కల్లును కాదు, పేరు తెలియని మందును.

ఇక గంజాయి, భంగు. వీనినిగూర్చి ఆంగ్లప్రభుత్వము 1893లో ఒక విచారణసంఘమును వేసెను. మాక్‌వర్తు యంగు అధ్యక్షుడు. మనదేశస్థులు ముగ్గురు సభ్యులు. ఆ సంఘము 1,193 మంది సాక్షుల మాటలు గైకొని 1894లో నివేదిక సమర్పించెను. పిచ్చాసుపత్రుల పుస్తకములలో "గంజాయివలన" అని వ్రాసిన రోగులను మరల విచారింపగా, అందు పెక్కుచోట్ల ఏ విచారణయు లేక పోలీసువారి మాటనుబట్టి కారణము వ్రాసికొనిరని తేలెను. మితముగా వాడినచో సామాన్యముగా మనసునకు హాని లేదనియు, అమితముగా వాడినచో ఉన్మాదము కలుగవచ్చుననియు ఆ సంఘము నిర్ణయించెను. భంగు మంచిదే యని వాదించువారు మొదటి సగమును, చెడ్డదే యనువారు రెండవ సగమును ఎత్తి చూపుచుందురు. ఇరువురును విడిచిపెట్టు మాట యొకటి యందున్నది. మనసున బలహీనతగాని, వంశమున నట్టి జాడగాని యున్నవారికి ఆ యపాయము ముఖ్యముగా ననియు వారు వ్రాసిరి. ఉమ్మెత్తను గంజాయిలో కలిపి బలము హెచ్చించు దుర్వాడుకను గూడ వారు గుర్తించిరి. 1985నాటి మత్తుమందుల చట్టముతో గంజాయి దేశమంతట నిషిద్ధమయ్యెను. పూతమొనలు లేని ఆకు ఆ చట్టపు నిర్వచనమున చేరలేదు గావున భంగు సంగతి రాష్ట్రములకు విడువబడెను.

క్షేమమా కాదా యను ప్రశ్నను మన హైదరాబాదులోనే, ప్రపంచమంతయు చూచునట్లు, ఒకమాఱు పరీక్షించిరి. అది మూలిక కాదు, క్లోరోఫారము. అయినను స్మృతిని తీయునదే గనుక దాని కథ మనకు పనికివచ్చును.

1847లో ఎడింబరోలో సింప్సను క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. మూడు నెలలు నిండకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకు కుర్చీలో కూర్చుండెను. కొన్ని నెలలకు ముందు ఈథరుతో రెండవకాలికి అట్టి చికిత్సయే జరిగి, ఏ యపాయమును లేక లేచినది ఆ పిల్ల. ఈమాఱు భయపడి యేడ్చుచుండెను. క్లోరోఫారము పీల్చిన రెండు మూడు నిమిషములలో ప్రాణము పోయెను. ఊపిరి నిలిచి చచ్చెనా, గుండె నిలిచి చచ్చెనా యను వాదము అప్పుడు మొదలై అర్ధశతాబ్దికి పైగా సాగెను.

హైదరాబాదులో రెసిడెన్సీ వైద్యుడును వైద్యపాఠశాలాధ్యక్షుడునైన ఎడ్వర్డు లారీ ఊపిరి పక్షమువాడు. నాడి చూడనక్కఱలేదు, ఊపిరిని కనిపెట్టియున్న చాలు, క్లోరోఫారము క్షేమమే యని ఆయన శిష్యులకు బోధించెను. 1888లో మొదటి సంఘము కుక్కలపై పరీక్షలు చేసి అదియే నిజమని చెప్పెను. లండనులోని లాన్సెటు పత్రిక ఒప్పుకొనలేదు. అప్పుడు ఆఱవ నిజాము మహబూబు అలీఖాను వేయి పౌనులిచ్చి, మీ వారినే పంపుడనెను. ఎంత గొప్ప మాట! తన రాజ్యములోని వైద్యుని మాటను ఎదుటిపక్షమువాడే పరీక్షించుటకు సొంత సొమ్ము పెట్టిన ప్రభువులు చరిత్రలో తఱచుగా కానరారు. 1889లో లాడరు బ్రంటను వచ్చెను. ఆయన గుండె పక్షమువాడు. నాలుగువందలకు పైగా జంతువులపై పరీక్షలు జరిగెను. ప్రతిమాఱును ఊపిరి ముందు నిలిచి, గుండె తరువాత నిలిచెను. బ్రంటను తన మతము మార్చుకొని, లారీ చెప్పినదే సరియని లండనునకు తంతి పంపెను. ఆ మఱుసటి సంవత్సరము, 1890లో, మన పాలమూరునకు ఆ ప్రభువు పేరుమీదుగా మహబూబునగరమని పేరు వచ్చెను.

తీర్పు వచ్చెను గాని మనుష్యులు బల్లలపై చచ్చుట ఆగలేదు. 1911లో ఎ. జి. లెవీ యను వైద్యుడు పిల్లులపై పరీక్షించి యసలు సంగతి చూపెను. క్లోరోఫారము నిండుగా పట్టినప్పుడు కాదు, కొంచెముగా పట్టినప్పుడే అపాయము. ఆ సమయమున అడ్రినలిను అను ఉద్రేకరసము రక్తములో పొంగినచో, గుండె లయ తప్పి, కొట్టుకొనుట మాని వట్టిగా అదరుచు నిలిచిపోవును. ఆ రసమును పొంగించునది భయము. హైదరాబాదులో వారు అబద్ధమాడలేదు. నిండుమోతాదు పట్టిన కుక్కలలో ఊపిరియే ముందు నిలుచును. వారు చూచినది నిజము. వారి బల్లపై లేనిది, కుర్చీలో కూర్చుండి యేడ్చుచున్న ఆ పదునైదేండ్ల పిల్ల.

ఈ కథను నేను బడిలో ఎన్నో యేండ్లు చెప్పితిని. మా మనుమని జాబు వచ్చిన రాత్రి మాత్రము అది నాకు వేఱుగా వినిపించెను. "వేలమంది త్రాగిరి, క్షేమముగా నున్నారు" అని వారు వానితో అన్నారు. నాలుగువందల కుక్కలును అట్లే సాక్ష్యమిచ్చినవి.

ఇక వాడు వ్రాసిన కషాయము సంగతి. దాని పేరు అయావాస్కా. అది పెరూ దేశపు కెచువా భాషలోని మాట, ఆత్మల తీగె యని చెప్పవచ్చును. అమెజాను అడవులలోని జాతులు దానిని తమ వైద్యులయెదుట త్రాగుదురు. అందులో సామాన్యముగా రెండు మొక్కలు చేరును, ఒకటి తీగె, రెండవది ఆకు. ఆకులోని డిఎంటి యను పదార్థము దృశ్యములు చూపునది. దానినొక్కదానిని త్రాగినచో కడుపులోని ఎంజైము ఒకటి దానిని విఱుగగొట్టును, ఏమియు జరుగదు. తీగెలోని హార్మీను మొదలగునవి ఆ ఎంజైమును కట్టివేయును. అప్పుడు ఆకు పనిచేయును. ఇన్ని వేల మొక్కలున్న అడవిలో ఈ రెంటిని జతపఱచిన వారి తెలివికి నేను నమస్కరింతును.

మా మనుమని యపాయము ఆ కట్టులోనే యున్నది. మెదడులో సెరొటోనిను అను పదార్థమును నిలుపునట్టి మాత్ర వాడు పుచ్చుకొనుచున్నాడు. ఆ మాత్రయు ఈ తీగెయు ఒక్క యొడలిలో కలిసినచో సెరొటోనిను మేరమీఱును. వడకు, తీవ్రజ్వరము, కండరములు బిగిసికొనిపోవుట, మూర్ఛ కలుగును. ప్రాణము పోవచ్చును. మాత్ర మాని పోయెదననుటకును వీలులేదు. ఫ్లువొక్సెటీను వంటి మాత్రలు మానిన తరువాత కూడ అయిదు వారములవఱకు ఒంటిలో నుండును. వైద్యునికి చెప్పక మానినచో పాత క్రుంగుబాటు మరల మీదబడును. తీగె రక్తపుపోటును, గుండెవేగమును గూడ హెచ్చించును. పైగా కొందఱు కషాయములో తోయె యను మఱియొక మొక్కను కలుపుదురు. అది యేమని చదివి చూచితిని. మన ఉమ్మెత్తకు దాయాది. అదే కుటుంబము, అదే స్కోపొలమిను. మా వీధిలో గాలినుండి పోగులు లాగిన మనిషి నా కన్నులయెదుట నిలిచెను.

కోర్టువారే దీనిని అనుమతించిరని వాడు వ్రాసెను. అదియు సగము మాటయే. 2006లో అమెరికా సుప్రీంకోర్టు యొక చిన్న మతసంఘమునకు, అమెరికాలో నూటముప్పదిమంది సభ్యులకు మించని దానికి, తమ యారాధనలో ఈ తేనీటిని త్రాగుటకు అడ్డు రాకూడదని తీర్పు చెప్పెను. అడ్డగించుటకు తగినంత కారణమును ప్రభుత్వము చూపలేదని యనెను గాని, కషాయము ఎల్లరకు క్షేమమని యనలేదు. ఊరివెలుపలి యింటివారికి ఆ తీర్పుతో సంబంధము లేదు. ఆ సంఘము బ్రెజిలులో పుట్టినది. ఆ దేశము 1987లో మతకార్యములలో ఈ కషాయమును అనుమతించెను. అక్కడి ప్రభుత్వమే 2010లో, దీనిని అమ్మి లాభము తీయరాదనియు, క్రొత్తగా వచ్చువారిని ముందు విచారించి, మనోవ్యాధి చరిత్ర గలవారికి ఈయరాదనియు నియమములు వ్రాసికొనెను. త్రాగుట నెఱిగినవారికి అడుగుట కూడ తెలిసియున్నది. మన దేశమున డిఎంటి 1985నాటి చట్టముక్రింద నిషిద్ధము.

ఇంతవఱకు వ్రాయుట నాకు కష్టము కాలేదు. పుస్తకములలోనిదే. ఇప్పుడు ఆ ప్రశ్నపత్రము సంగతి.

"మీ వంశములో నెవరికైనను మతిభ్రమణము కలిగినదా?" అను ప్రశ్న కెదురుగా వాడు "లేదు" అని నింపెను. వాడు అబద్ధమాడలేదు. అబద్ధమాడినది మేము.

వాని తాత, నా తమ్ముడు, 1970లో శివరాత్రికి పదిమంది జతగాండ్రతో కూడి, ఉమామహేశ్వరముమీదుగా నల్లమల నడచి శ్రీశైలమునకు పోయెను. వానికప్పుడు ఇరువదిరెండేండ్లు. దారిలో సాధువుల గుంపొకటి భంగు నూఱి అందఱకు పోసెను. ఒక్క లోటా, ఒక్క గుడ్డలో వడపోసినది. తక్కినవారు నవ్విరి, పాడిరి, నిద్రపోయి లేచిరి. నా తమ్ముడు లేచెను గాని తాను గాడు. అడవిలో తన్నెవరో పిలుచుచున్నారనెను. ఇంటికి తెచ్చిన పిమ్మటను ఆ పిలుపు ఆగలేదు. పట్నములో నొక మానసిక వైద్యశాలలో ఏడు నెలలుంచితిమి. చేర్చుకొన్ననాడు వైద్యుడు మా నాయనను అడిగెను, ఇంటిలో మునుపెవరికైనను ఇట్లయినదా అని. మా నాయన లేదనెను. నేను ప్రక్కనే నిలువబడియుంటిని. మా నాయన మేనత్త చివరి పదునాలుగేండ్లు వెనుకగదిలో, తలుపునకు గడియతో బ్రతికిన సంగతి మా యిరువురకు తెలియును. అయినను చెప్పలేదు. ఇంటిలో పెండ్లికావలసిన ఆడపిల్లలున్నారు.

తమ్ముడు కుదుటపడెను. 1974లో పెండ్లియయ్యెను. ఆడపిల్లవారికి ఆ యేడు నెలలను, బొంబాయిలో మిల్లుపని యని చెప్పితిమి. ఆ బొంబాయి అట్లే నిలిచిపోయి, వాని కొడుకునకు, కొడుకు కొడుకునకు చరిత్ర యయ్యెను. మా మనుమడు చిన్నతనమున "తాత బొంబాయిలో ఏ మిల్లులో చేసెను?" అని అడిగినప్పుడు నేనొక మిల్లు పేరు కూడ చెప్పితిని. చరిత్ర పంతులునై యుండియు చెప్పితిని.

మీలో పెక్కండ్రు పెండ్లి సంబంధములు కుదిర్చినవారు, కుటుంబముల లోతుపాతు లెఱిగినవారు. మా నాయనను మీరు తప్పుపట్టజాలరని నాకు తెలియును. నేనును పట్టలేను. కాని ఆ పత్రములోని ప్రశ్నకు జవాబు కాలిఫోర్నియాలో లేదు, ఆసుపత్రి పుస్తకములలోను లేదు. వాని తండ్రికిని తెలియదు. అది కొత్తకోటలో ఎనుబదియేండ్లకు దగ్గఱపడిన యొక ముసలివాని తలలో మాత్రమే యున్నది. నేను పోయినచో అదియు పోవును.

మూడు దినములు వ్రాసి చింపితిని. నాలుగవనాడు ఉమ్మెత్తను, సోమమును, క్లోరోఫారమును అన్నింటిని క్రింద నుంచి, పైన ఇట్లు మొదలు పెట్టితిని. "బిడ్డా, మీ తాత బొంబాయి పోలేదు." తరువాత జరిగినది జరిగినట్లు వ్రాసితిని. మేనత్త సంగతి కూడ దాచలేదు. నీకిది క్షేమము కాదని నేను తలచుచున్నాను. నీ మాత్రవలన ఒకటి, నీ వంశమువలన రెండు. ఆ తీగె చెడ్డదని నేననను. నీ క్రుంగుబాటును తేలికగా చూచుటయు లేదు. నీ వైద్యునికి ఈ జాబును చదివి వినిపింపుము. మాత్ర మార్చవలెనన్నను మానవలెనన్నను ఆయనతోనే. ఆ యింటివారిని రెండు మాటలు అడుగుము, పాత్రలో నేయే మొక్కలున్నవో పేరులు చెప్పుమనుము, నడిరాత్రి నీకు జ్వరమో మూర్ఛయో వచ్చినచో మిమ్ము చూచు వైద్యుడెవరో చెప్పుమనుము.

జాబు పంపిన రెండవనాడు వాని తండ్రి, నా తమ్ముని కొడుకు, పట్నమునుండి పిలిచెను. "పెద్దనాయనా, మా నాయన పోయి పదకొండేండ్లయినది. ఇప్పుడెందుకు?" అని మాత్రమడిగి పెట్టివేసెను. ఆ మీదట సంక్రాంతికి రాలేదు. వానికి చిన్నచెల్లెలున్నది, ఆమె కూతునకు సంబంధములు చూచుచున్నారు. మా యింటి కథను ఈ ప్రసంగమున చెప్పవచ్చునా యని నేను మా మనుమని అడిగితిని. పేరులు చెప్పకుండ చెప్పుమనెను. వాని తండ్రిని అడుగలేదు. అడిగినచో చెప్పగలిగియుండెడివాడను కాను.

మాఘమాసములో మా మనుమడు మరల వ్రాసెను. వాని వైద్యురాలు ఆ జాబంతయు విని, చాలసేపు మాటలాడక, మాత్రను మార్చి, వారమున కొకసారి రమ్మన్నదట. వాడు ఆ పత్రమును కూడ దిద్ది, "లేదు" కొట్టివేసి "తాత, తాత మేనత్త" అని వ్రాసి, నేనడుగుమన్న రెండు ప్రశ్నలు క్రింద చేర్చి ఆ యింటివారికి పంపెను. నాలుగు దినములకు జవాబు వచ్చెనట. మొక్కల పేరులు సంప్రదాయరహస్యము. వైద్యుని సంగతి లేదు. తాత సంగతిని వారు చదివిరో లేదో, దానినిగూర్చి ఒక్క మాటయు లేదు. వచ్చు శనివారమునకు చోటు ఖాళీగా నున్నది, రుసుము ఎప్పుడు పంపెదవని అడిగిరట.

వాడు పంపలేదు.